బాల్ బ్యాడ్మింటన్ చేతికి పికిల్‌బాల్ ప్యాడిల్

పికిల్‌బాల్ అంటే చిల్లుల ప్లాస్టిక్ బంతిని ప్యాడిల్ అనే చదునైన బ్యాట్‌తో నెట్ మీంచి కొట్టుకునే ఆట. ఆ ప్యాడిల్ కొందామని ఎవర్ని సలహా అడిగినా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "మీది పవర్ గేమా, కంట్రోల్ గేమా?" ఆట మొదలుపెట్టి ఏడాది కూడా కాని మనిషిని ఆ మాట అడిగితే ఏం చెబుతారు? దూకుడు మనిషైతే పవర్ అంటారు, నెమ్మదస్తులైతే కంట్రోల్ అంటారు. అది వాళ్ళ స్వభావం గురించి చెప్పడమే అవుతుంది, ఆట గురించి కాదు. నేను ఆ ప్రశ్న పక్కన పెట్టి, నా పాయింట్లు ఎక్కడ పోతున్నాయో కాయితం మీద రాసుకుని, దాన్నిబట్టి ప్యాడిల్ వెతుక్కున్నాను. ఎలా వెతికానో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందేమో.

మాది కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్. క్లబ్‌హౌస్ వెనక సిమెంటు షటిల్ కోర్టు ఉంది. డబుల్స్ షటిల్ కోర్టు, పికిల్‌బాల్ కోర్టు రెండూ 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవే కాబట్టి కొత్తగా కట్టాల్సిన పని లేకపోయింది. నెట్ కిందికి దించాం, మధ్యలో 34 అంగుళాలు, చివర్లలో 36. కిచెన్ గీత ఒక్కటే తేడా. కిచెన్ అంటే నెట్‌కి ఆనుకుని, బంతిని నేల తాకకుండా గాల్లోనే కొట్టకూడని చోటు. షటిల్ సర్వీస్ గీత నెట్‌కి ఆరున్నర అడుగుల దూరంలో ఉంటుంది, కిచెన్ గీత ఏడు అడుగుల దూరంలో. అందుకని అర అడుగు వెనగ్గా పసుపు టేపు అంటించారు. ఆ అర అడుగు మీద మా అపార్ట్‌మెంట్‌లో జరిగినన్ని వాదనలు మెయింటెనెన్స్ బిల్లు మీద కూడా జరగలేదు. 2025లో ముంబైలో వరల్డ్ పికిల్‌బాల్ లీగ్ జరిగి, అందులో హైదరాబాద్ పేరుతో ఒక జట్టు, సమంత చెన్నై జట్టుకి ఓనరుగా కనిపించేసరికి, అప్పటిదాకా వాకింగ్‌కి కూడా దిగనివాళ్ళు ప్యాడిల్ పట్టుకుని లిఫ్ట్‌లో కనిపించడం మొదలైంది.

నేను షటిల్ మనిషిని కాదు. కాలేజీలో బాల్ బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. గుంటూరు వైపు చదువుకున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు: పసుపు ఊలు బంతి, వైపుకి అయిదుగురు, బంతి నేలని తాకకూడదు. నేను ముందు వరసలో ఆడేదాన్ని. అక్కడ ఆలోచించే టైం ఉండదు, బంతి కనబడితే మణికట్టు విదిలించడమే. ఇరవయ్యేళ్ళు రాకెట్ ముట్టకపోయినా ఆ విదిలింపు చేతిలో అలాగే ఉండిపోయింది. పికిల్‌బాల్‌లో నెట్ దగ్గర నలుగురూ ఎదురెదురుగా నిలబడి టకటకా కొట్టుకునే చోట అది భలే కలిసొచ్చింది. మా మేనల్లుడు అందుకే తేల్చేశాడు: "అత్తా, నీది పక్కా పవర్ గేమ్. సన్న ప్యాడిల్, పొడుగుది తీసుకో. నాలాంటిదే." వాడు చిన్నప్పట్నుంచీ టెన్నిస్ ఆడాడు, రెండు చేతులతో బ్యాక్‌హ్యాండ్ కొడతాడు. వాడి చేతిలో ఉన్నది పదహారున్నర అంగుళాల పొడుగు ప్యాడిల్, పిడి అయిదున్నర అంగుళాలు.

నా దగ్గర అప్పటికి ఉన్నది మా వారు ఆన్‌లైన్‌లో తెప్పించిన జంట ప్యాడిల్స్ సెట్టు. లోపలి పలక, అంటే కోర్, 13 మిల్లీమీటర్ల మందం, పైన ఫైబర్‌గ్లాస్. నేర్చుకోవడానికి దాంతో ఏ ఇబ్బందీ లేదు. కానీ లీగుల్లో ఆడాలన్న ఆశ మొదలయ్యాక, ఇక సొంతంగా ఒకటి చూసుకుందాం అనిపించింది.

మేనల్లుడి మాట వెంటనే కొట్టిపారేయలేదు, ఒప్పుకోనూ లేదు. "ఒరేయ్, ముందు నా ఆట వీడియో తియ్యరా, తర్వాత మాట్లాడదాం" అన్నాను. కోర్టు చుట్టూ ఉన్న జాలీకి ఫోను కట్టి కొన్ని శనివారాల ఆటలు రికార్డు చేశాడు. ఇంటికొచ్చి టీ తాగుతూ, పోయిన ప్రతి పాయింటుకీ నాలుగు గళ్ళలో ఒక దాంట్లో ఒక గీత పెట్టుకుంటూ పోయాను. బంతి కిచెన్ దగ్గర నెమ్మదిగా ఆడేటప్పుడు ఎత్తుగా లేచిపోవడం, కోర్టు మధ్యలో ఇరుక్కున్నప్పుడు గట్టిగా వచ్చిన బంతిని దించలేకపోవడం, వేగంగా ఎదురెదురు కొట్టుకునేటప్పుడు ఆలస్యం కావడం, వెనక గీత దగ్గర బలం చాలకపోవడం. చూస్తే మొదటి రెండు గళ్ళలోనే సగానికి పైగా గీతలున్నాయి. బలం చాలక పోయిన పాయింట్ల గడి దాదాపు ఖాళీ.

మేనల్లుడికి ఆ కాయితం చూపించాను. వాడు కాసేపు చూసి, "అంటే నువ్వు గట్టిగా కొట్టి పాయింట్ తెచ్చుకుంటున్నావు, మెత్తగా కొట్టలేక పోగొట్టుకుంటున్నావు" అన్నాడు. అంతే. బలం నా మణికట్టులో ఉంది, దాన్ని ప్యాడిల్‌లో మళ్ళీ కొనుక్కోవడం ఎందుకు? డబ్బు పెట్టేదేదో నాకు లేనిదాని మీద పెట్టాలి. ఈ లెక్క తేలాక, అంగట్లో ఉన్న వందల రకాల్లో ముప్పాతిక వంతు చూడక్కర్లేకుండా పోయింది.

ఇక్కడ ప్యాడిల్ లోపల ఏముంటుందో కొంచెం చెప్పాలి. 1965లో అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో ఈ ఆట పుట్టిన తొలిరోజుల్లో వాడినవి ఎక్కువగా ప్లైవుడ్ చెక్కలు. 1984లో ఆర్లెన్ పరాంటో అనే బోయింగ్ ఇంజనీరు, విమానాల్లో వాడే తేనెపట్టు అల్లిక పలకలతో తేలికైన ప్యాడిల్ చేశాడు. ఇప్పటికీ ఎక్కువ ప్యాడిల్స్ లోపల ఉండేది ఆ అల్లికే, కాకపోతే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. ఈమధ్య పూర్తిగా ఫోమ్ కోర్ ఉన్నవీ వచ్చాయి. కోర్ సన్నగా, అంటే 13, 14 మిల్లీమీటర్లు ఉంటే బంతి తగలగానే చురుగ్గా ఎగిరిపోతుంది. 16 మిల్లీమీటర్లయితే దెబ్బని కొంత తనలో కలుపుకుంటుంది, బంతి అంత తొందరపడదు. దీనికి తోడు థర్మోఫార్మింగ్ అని, పిడితో సహా మొత్తం వేడి అచ్చులో ఒకే ముక్కగా నొక్కి, అంచుల్లో ఫోమ్ నింపి చేసేవి ఉన్నాయి. అవి గట్టిగా ఉంటాయి, ఊపు ఎక్కువ. మా మేనల్లుడిది ఆ రకమే.

ఇవన్నీ చదివితే తెలిసే సంగతులే గానీ చేతికి తెలియడం వేరు. గచ్చిబౌలి వైపు ఒక కోర్టులో అద్దె ప్యాడిల్స్ ఉన్నాయంటే వెళ్ళాం గానీ, అక్కడివి అరిగిపోయి నున్నగా అయ్యాయి, వాటితో ఏ నిర్ణయానికీ రాలేం. అంతకంటే తోటి ఆటగాళ్ళ సంచులే నయం. పికిల్‌బాల్ వాళ్ళకి ఒక మంచి గుణం ఉంది, ప్యాడిల్ అడిగితే ఇస్తారు. ఇవ్వడమే కాదు, దాని గురించి అరగంట చెబుతారు కూడా. నేను ఒక్క షరతు పెట్టాను: కొట్టేదాకా ధర చెప్పొద్దు. ధర తెలిస్తే చెయ్యి కూడా మొహమాటపడుతుంది.

ప్రతి ప్యాడిల్‌తోనూ అవే పనులు, అదే వరసలో చేశాను. ముందు కిచెన్ దగ్గర నిలబడి మూలకి మూల డింకులు, అంటే బంతిని నెట్ మీంచి అవతలి కిచెన్‌లోకి మెత్తగా వేయడం. తర్వాత నేను కోర్టు మధ్యలో, మేనల్లుడు నెట్ దగ్గర నిలబడి కాళ్ళ మీదికి గట్టిగా కొడితే దాన్ని కిచెన్‌లోకి దించడం. ఆ తర్వాత ఇద్దరం నెట్ దగ్గర ఛాతీ ఎత్తులో టకటకా కొట్టుకోవడం. సర్వీసులు ఆఖర్న. సర్వీసులు ముందు పెట్టుకుంటే గట్టిగా వెళ్ళిందన్న సరదాలో మిగతావన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. దుకాణాల్లో అరచేతిలో బంతి టకటకలాడించి చూపిస్తారే, దానివల్ల ఏమీ తెలియదు.

రెండో పనిలోనే అసలు తేడా బయటపడింది. ఎదుటి నుంచి దూసుకొచ్చే బంతిని అవతలి కిచెన్‌లో దించడమంటే, ఒళ్ళో నిద్రపోయిన పిల్లని మంచం మీదికి దించినట్టు ఉండాలి. నా 13 మిల్లీమీటర్ల ప్యాడిల్‌తో ప్యాడిల్ ఊపకుండా అడ్డం పెట్టినా బంతి నడుమెత్తు లేచి వాళ్ళ చేతికి అందేది. మేనల్లుడి ప్యాడిల్‌తో ఇంకా ఘోరం. 16 మిల్లీమీటర్ల కార్బన్ ఫైబర్ ప్యాడిల్ పట్టుకోగానే మొదట వినికిడిలోనే తేడా తెలిసింది. "టక్"మనే చోట "తప్"మంటోంది. బంతి నెట్ మీద జానెడు ఎత్తులో వెళ్ళి కిందపడింది. మణికట్టు నేను మార్చుకోలేదు, అదే విదిలింపు, కానీ దానికి పడే శిక్ష తగ్గింది. ఇంకో 16 మిల్లీమీటర్లదీ తెచ్చి చూశాం, ఫైబర్‌గ్లాస్ పైపొరది. అది మొదటిదానికంటే కాస్త ఎగిరిస్తుంది. అంటే మందం ఒక్కటే చూసి కొనేస్తే చాలదు, పైపొర కూడా కలిసి పనిచేస్తుంది. ఫైబర్‌గ్లాస్‌కి సాగే గుణం ఉండి బంతిని తోస్తుంది, కార్బన్ బిగువుగా ఉండి దెబ్బని పరుస్తుంది.

ఇక ఆకారం. నియమం ప్రకారం ప్యాడిల్ పొడవూ వెడల్పూ కలిపి 24 అంగుళాలు దాటకూడదు, పొడవు 17 దాటకూడదు. దీని అర్థం గ్రహిస్తే ఆకారాల గొడవ సగం తీరిపోతుంది. పొడుగు కావాలంటే వెడల్పు వదులుకోవాలి. పదహారున్నర పొడవుంటే వెడల్పు ఏడున్నర, పదహారు ఉంటే ఎనిమిది. పొడుగుదాంతో అందుబాటు, సర్వీసులో ఊపు వస్తాయి. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ వాళ్ళకి పిడి కూడా పొడుగు కావాలి కాబట్టి మా వాడికి అదే సరి. కానీ వెడల్పు తగ్గితే, బంతి పక్కకి తగిలినప్పుడు ప్యాడిల్ చేతిలో తిరుగుతుంది. నెట్ దగ్గర టకటకల్లో ప్రతి బంతీ మధ్యలోనే తగలాలంటే ఎవరివల్లా కాదు. నేను గమనించిందేమంటే, కంగారులో నాకు బంతి ఎక్కువగా పిడి వైపు, పక్కగా తగులుతుంది. వెడల్పుదైతే అలా తగిలినా బంతి అవతలికి పోతోంది. నా ఎత్తు అయిదు అడుగుల రెండంగుళాలు, అర అంగుళం అందుబాటు వస్తే కాదనను. కానీ వీడియోలో బంతి అందక పోయిన పాయింట్లు ఎక్కడా పెద్దగా కనబడలేదు. అందుకని పదహారుకి ఎనిమిది అని ఖాయం చేసుకున్నాను.

బరువు దగ్గర వంటింటి త్రాసు పనికొచ్చింది. ప్యాడిల్ మీద 7.8 నుంచి 8.2 ఔన్సులు అని ఒక పరిధి రాస్తారు. అంటే 221 నుంచి 232 గ్రాములు. పదకొండు గ్రాములు ఏమంత తేడా అనుకుంటాం గానీ, రెండో గంటలో భుజానికి తెలుస్తుంది. అదీకాక మొత్తం బరువు కన్నా అది ఎక్కడుందన్నదే ముఖ్యం. ఇద్దరు స్నేహితురాళ్ళ ప్యాడిల్స్ త్రాసు మీద దాదాపు సమానంగా తూగాయి. చేత్తో ఆడిస్తే మాత్రం ఒకటి తల బరువుగా, ఇంకొకటి ఈక లాగా ఉన్నాయి. చూపుడు వేలి మీద అడ్డంగా నిలబెట్టి చూస్తే మొదటిది తల వైపు చాలా పైన నిలిచింది. ఇలా ఊపేటప్పుడు చేతికి తెలిసే బరువునే స్వింగ్ వెయిట్ అంటారు, కొన్ని కంపెనీలు అంకె కూడా ఇస్తాయి. 110 లోపుంటే చురుకు, 120 దగ్గరికొస్తే బరువు అని స్థూలంగా చెప్పుకోవచ్చు. నాకున్న ఒకే ఒక్క ఆస్తి చేతి వేగం. మెత్తదనం కోసం పోయి దాన్ని పోగొట్టుకుంటే ఉన్నదీ పోయినట్టే. కాబట్టి మందమైన కోర్ ఉండాలి, తల బరువు ఉండకూడదు. ఈ రెండూ కలిసి దొరకడమే కొంచెం కష్టమైంది.

పిడి చుట్టుకొలత గురించి మాత్రం గట్టిగా చెబుతాను, ఎందుకంటే దుకాణంలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. అరచేతిలో అడ్డంగా ఉన్న గీతల్లో మధ్య గీత నుంచి ఉంగరపు వేలి కొస దాకా స్కేలు పెట్టి కొలవాలి. నాకు నాలుగు అంగుళాలు వచ్చింది. ఇంకో పరీక్ష, పిడి పట్టుకున్నాక వేళ్ళ కొసలకీ బొటనవేలి కింది కండకీ మధ్య రెండో చేతి చూపుడు వేలు పట్టాలి. పిడి సన్నగా ఉంటే పైన ఓవర్‌గ్రిప్ అనే మెత్తటి పట్టీ చుట్టుకోవచ్చు, ఒక్కో చుట్టకి అంగుళంలో పదహారో వంతు పెరుగుతుంది. లావుగా ఉంటే చెక్కలేం. సన్న పిడితో మణికట్టు బాగా ఆడుతుంది, లావు పిడి మణికట్టుని కట్టేస్తుంది. నా సమస్యే మణికట్టు ఎక్కువ ఆడటం కదా, మరి లావుది తీసుకోవాలా? మేనల్లుడు అదే అన్నాడు. నాలుగుంబావు అంగుళాలది పట్టి చూశాను. అరగంటలో ముంజేయి పట్టేసింది, నెట్ దగ్గర చెయ్యి మొద్దుబారింది. నాలుగు అంగుళాలదే తీసుకుని ఒక చుట్ట ఓవర్‌గ్రిప్ వేసుకుందామనుకున్నాను. మన ఊళ్ళో ఏప్రిల్, మే చెమటకి ఎలాగూ ఓవర్‌గ్రిప్ తప్పదు.

స్పిన్ గురించి అందరూ తెగ మాట్లాడతారు. పైపొర గరుకుగా ఉండే రా కార్బన్‌తో బంతి తిరుగుతుంది, నిజమే. ఆ గరుకు వాడేకొద్దీ అరుగుతుంది, అదీ నిజమే. నా ఆటలో స్పిన్ ఇంకా రాలేదు, దాని కోసం డబ్బు పెట్టలేదు.

దుకాణం సంగతి. సిటీలో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళి, 16 మిల్లీమీటర్లది, వెడల్పుది, తేలిగ్గా ఉన్నది చూపించమన్నాను. అక్కడి కుర్రాడు వెంటనే ఇరవై వేల పొడుగు ప్యాడిల్ తీసి, "మేడమ్, ప్రోస్ అందరూ ఇదే వాడుతున్నారు" అన్నాడు. "ప్రోస్ అందరికీ మా కోచ్ తిట్టే తిట్లు పడవు కదయ్యా" అన్నాను. నవ్వి, లోపల్నుంచి నేనడిగిన రకం రెండు తెచ్చాడు. త్రాసు సంచిలో తీసుకెళ్ళాను. ఒకే మోడల్, రెండు ముక్కలు. ఒకటి 218 గ్రాములు, ఇంకొకటి 226. తేలికదే తీసుకున్నాను. బరువు తర్వాత కలుపుకోవచ్చు, తియ్యలేం. ఆరు వేల లోపే అయింది. ఇరవై వేల దాంట్లో నాణ్యత లేదని కాదు, కానీ నా నాలుగు గళ్ళ కాయితంలో దాని అవసరం ఎక్కడా లేదు.

ఓవర్‌గ్రిప్ చుట్టాక అయిదు గ్రాములు పెరిగింది. గడియారం ముల్లు మూడు, తొమ్మిది చూపించే చోట్ల, అంటే ప్యాడిల్ రెండు పక్కల అంచుల మీదా రెండేసి గ్రాముల టంగ్‌స్టన్ టేపు అంటించాను. సీసం టేపు చవక గానీ చేతులకి అంటుతుందని దాని జోలికి పోలేదు. మొత్తం 227 గ్రాములు, సరిగ్గా 8 ఔన్సులు. టేపు వేశాక బంతి పక్కకి తగిలినా ప్యాడిల్ తిరగడం తగ్గింది. అదే టేపు తల మీద, పన్నెండు దగ్గర వేసి చూస్తే సర్వీసు లోతుగా పడింది గానీ నెట్ దగ్గర చెయ్యి ఆలస్యమైంది, తీసేశాను.

డింకులు ఒక్క రోజులో దిగిపోలేదు. ప్యాడిల్ కొంతే చేస్తుంది, మిగతాది ప్రాక్టీసే. అలాగే వెనక గీత నుంచి నా డ్రైవులకి, అంటే గట్టిగా కొట్టే బంతులకి, వేగం తగ్గిన మాటా నిజమే, మేనల్లుడు దాన్ని ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉంటాడు. మళ్ళీ వీడియో తీసి గళ్ళు గీస్తే, బలం చాలని గడిలో కొన్ని గీతలు కొత్తగా చేరాయి. ఎత్తుగా లేచిన బంతుల గడిలో వాటికి మూడింతలు తగ్గాయి. ఈ బేరం నాకు గిట్టుబాటే.

మా పై ఫ్లోర్ బాబాయిగారి కథ వేరు. రిటైరయ్యాక ఆట మొదలుపెట్టారు, మోచేతి నొప్పి. "అమ్మాయ్, తేలికైన బ్యాట్ ఏదైనా చూడు" అన్నారు. నొప్పి ఉన్నవాళ్ళకి బాగా తేలికైంది మంచిదనుకుంటాం గానీ, మరీ తేలికైతే బంతి దెబ్బంతా చేతికే వస్తుంది. ఆయనకి నా ప్యాడిల్ ఇచ్చి ఆడించాను, అదిరింపు తగ్గిందన్నారు. డాక్టరుగారు వద్దన్న వారాల్లో మాత్రం ఏ ప్యాడిల్ ముట్టనివ్వం. ఆయనకి 16 మిల్లీమీటర్లదే, 230 గ్రాములది, రెండు చుట్టల ఓవర్‌గ్రిప్‌తో కుదిరింది.

ఇంకొక్క విషయం, లీగుల్లో ఆడదలచుకున్నవాళ్ళకి. కొనేముందు ఆ మోడల్ అమెరికాలో ఈ ఆటని నడిపే సంస్థ యూఎస్ఏ పికిల్‌బాల్ ఆమోద జాబితాలో ఉందో లేదో వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. ప్యాడిల్ మీద ముద్ర ఉంటే చాలనుకోవద్దు. 2024లో కొన్ని ఖరీదైన మోడళ్ళని జాబితాలోంచి తీసేశారు. ప్యాడిల్ బంతిని ఎంత బలంగా వెనక్కి తోస్తుందో కొలిచే పరీక్ష కూడా ఆ ఏడాది చివర్లో తెచ్చారు. మా మేనల్లుడిది జాబితాలో ఉంది, నాదీ ఉంది. మా వారు ఇంకా ఆ పాత 13 మిల్లీమీటర్లదాంతోనే ఆడుతున్నారు. ఆయనకి వీడియో తీస్తానంటే ఒప్పుకోవడం లేదు.